చదవని పుస్తకాలతో ఏడాది: మిగిలిన 143 సంగతేమిటి?

ప్రశ్న: నేను విశాఖపట్నం సీతమ్మధారలో ఉంటాను. రిటైరై రెండేళ్లయింది. ఏటా పాతిక, ముప్పై పుస్తకాలు కొనడం అలవాటు, చదివేది మాత్రం అందులో సగమే. మామగారు పోయాక ఆయన బీరువా కూడా మా ఇంటికే వచ్చింది. కిందటి జనవరిలో లెక్కపెడితే ఇంట్లో చదవనివి 168 తేలాయి. ఏడాదంతా కొత్తవి కొనకుండా వీటినే చదవాలని పట్టుపట్టాను. డిసెంబరు ఆఖరుకి 34 పూర్తిచేశాను, మొత్తం 6,120 పేజీలు. 11 మధ్యలో ఆపేశాను, వాటిలో కన్యాశుల్కం కూడా ఉంది. పుస్తక ప్రదర్శనకి వెళ్లి ఆగలేక 6 కొన్నాను, ఆవిష్కరణ సభల్లో 3 చేతికొచ్చాయి. అన్నీ కలిపి ఇంకా 143 ఉన్నాయి. చదివిన 34లో సగానికి పైగా, ఏముందో చెప్పమంటే చెప్పలేను. పైగా వానలకి కింది అరలో పుస్తకాలకి బూజు పట్టింది. "తూకానికి వేసెయ్" అంటున్నారు మావారు. ఏడాది వృథా చేశానా? మిగిలినవాటిని ఏం చెయ్యమంటారు?

సమాధానం: వృథా కాలేదు గానీ, మీరు చూస్తున్న అంకె సరైంది కాదు. 34 చదివారు, 9 వచ్చి చేరాయి. నికరంగా తగ్గింది 25. ఇలాగే సాగితే 143 పూర్తికావడానికి ఆరేళ్లకి కాస్త తక్కువ పడుతుంది. ఒక్కటీ కొనకపోతే నాలుగేళ్ల పైచిలుకు. అదే పాత అలవాటుకి తిరిగెళ్లి ఏటా 30 కొన్నారనుకోండి, ఇదే 34 చదివినా ఏటా తగ్గేవి నాలుగే, అంటే దాదాపు 36 ఏళ్లు. చదివే వేగం ఎంత ప్రయత్నించినా కొద్దిగానే పెరుగుతుంది. కొనడం మాత్రం సగానికి సగం తగ్గించుకోవచ్చు. అందుకని ఏడాదిలో మీరు సాధించిన పెద్ద పని 34 చదవడం కాదు, 30 కొనేచోట 6 కొని ఊరుకోవడం. మీరేమో దాన్ని తప్పు చేసినట్టు రాశారు.

ఇంకో చిక్కుంది. 6,120ని 34తో భాగిస్తే పుస్తకానికి సగటున 180 పేజీలు, రోజుకి 17 పేజీలు. ఇలాంటి పట్టు పట్టినవాళ్లు చాలామంది చేసేదే మీరూ చేసినట్టున్నారు: సన్నటివి ముందు ఏరుకున్నారు. పూర్తయినవాటి సంఖ్య గబగబా పెరుగుతుంటే హుషారుగా ఉంటుంది మరి. కానీ అరలో మిగిలేవి లావు పుస్తకాలే. ఆ 143 సగటున 320 పేజీలున్నాయనుకుంటే మొత్తం 45,760 పేజీలు, రోజుకి 17 చొప్పున ఏడేళ్లు దాటుతుంది. 320 అన్నది మా ఊహే కాబట్టి, ఒక మధ్యాహ్నం కూర్చుని ప్రతి పుస్తకం చివరి పేజీ నంబరు రాసుకుని కూడండి. వచ్చే ఏడాది లక్ష్యం పుస్తకాల్లో కాకుండా పేజీల్లో పెట్టుకోండి. అప్పుడు లావు పుస్తకాన్ని చూసి జంకు పుట్టదు. 600 పేజీల నవల రోజుకి 12 చొప్పున 50 రోజుల పని, అంతే.

ఇక అసలు పని. చదివినవీ, ఆపేసినవీ, తెరవనివీ, ప్రతిదానికీ "ఇది ఇన్నాళ్లు ఎందుకు ఉండిపోయింది" అన్నదానికి ఒకే మాటలో జవాబు చీటీ మీద రాసి లోపల పెట్టండి. పాత క్యాలెండరు కాగితాలు చింపినా చాలు. బాగుందా బాగాలేదా అన్నది ఇక్కడ రాయొద్దు, కారణం ఒక్కటే. అవి మరీ ఎక్కువ రకాలు ఉండవు: ఇంట్లో ఉండాలని కొన్నవి, సభల్లో రచయితలు సంతకం చేసి ఇచ్చినవి, సెట్టుగా కొని మొదటి సంపుటం దగ్గర ఆగినవి, అప్పట్లో అవసరమై ఇప్పుడు అక్కర్లేనివి (పిల్లల పోటీ పరీక్షల పుస్తకాలు ఈ కోవలోవే), అచ్చు చిన్నదై కళ్లు లాగినవి, భాష కొరుకుడుపడనివి, వారసత్వంగా వచ్చినవి.

ముందుగా పూర్తయిన 34ని ఈ చీటీల ప్రకారం కుప్పలు పెట్టండి. ఒక్కో కుప్పలో "మళ్లీ చదువుతాను" లేదా "ఇంకొకరికి చదవమని ఇస్తాను" అనదగ్గవి ఎన్నున్నాయో చూడండి. మీ అభిరుచి గురించి ఎవరూ ఇవ్వలేని సమాచారం అక్కడ దొరుకుతుంది. ఉదాహరణకి, సభల్లో వచ్చినవి 8 చదివితే ఒక్కటే నచ్చిందనుకోండి. మిగిలిన సభ పుస్తకాలకి తలా 20 పేజీల పరీక్ష పెడితే చాలు, పూర్తిగా చదవాల్సిన బాధ్యత లేదు. "ఇంట్లో ఉండాలి" కుప్పలో చాలా నచ్చాయా, అయితే లావుగా ఉన్నాయని భయపడ్డవన్నీ ముందు వరసకి తేవాలి. ఒక జాగ్రత్త: ఆ 34 మీరు ఇష్టపడి ముందు ఏరుకున్నవి, కాబట్టి మిగిలినవాటిలో నచ్చేవి ఇంతకన్నా కాస్త తక్కువే ఉంటాయని అనుకోండి.

అచ్చు చిన్నదని చీటీ పడ్డ పుస్తకాల మీద వెంటనే తీర్పు చెప్పొద్దు. తెలుగులో వత్తులు అక్షరం కింద ఇరుక్కుని ఉంటాయి. పాత లెటర్‌ప్రెస్ (సీసపు అక్షరాలు పేర్చి అచ్చేసిన) పుస్తకాల్లో సిరా నిండిపోతే ద, ధ; ప, ఫ తేడా కూడా తెలియదు. దగ్గరి చూపు అద్దాల పవరు చూపించుకుని ఏడాది దాటితే ముందు ఆ పని చేయించుకోండి. దీపం తల వెనక కాదు, పక్కనుంచి పేజీ మీద పడాలి. గది మధ్యలో ట్యూబులైటు ఒక్కటే ఉంటే మీ తల నీడే పేజీ మీద పడుతుంది. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బుతో టేబుల్ లైటు సరిపోతుంది. ఇవి మార్చాక కూడా పది పేజీలకే కళ్లు లాగితే అప్పుడు పుస్తకాన్ని తప్పుపట్టండి.

గుర్తుండటం లేదన్నారు. ఏడాదికి 34 చదివి, ఏదీ రాసుకోకుండా, ఒకటి మూసిన గంటలోనే ఇంకోటి తెరిస్తే ఎవరికైనా అంతే. చదివేటప్పుడు అర్థం కావడం వేరు, తర్వాత గుర్తు తెచ్చుకోవడం వేరు. రెండోదానికి విడిగా అభ్యాసం కావాలి. గీతలు గీయడం, పేజీ మడవడం ఇందులో పెద్దగా ఉపయోగపడవు. పనికొచ్చేది ఇది: పుస్తకం మూసి, మళ్లీ తెరవకుండా, అయిదు వాక్యాలు రాయండి. తప్పులు రాసినా ఫర్వాలేదు. తర్వాత తెరిచి సరిచూసుకోండి. వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత ఇంకోసారి, రాసింది చూడకుండా ఆ అయిదూ నోటితో చెప్పుకోండి. మూడూ కలిపి పావుగంట పని.

మూడంగుళాలు అయిదంగుళాల కార్డు ఒకటి పుస్తకానికి కేటాయించండి. పైన పేరు, ప్రచురణ సంవత్సరం, మొదలుపెట్టిన తేదీ, ముగించిన తేదీ. నవలైతే ఎవరు ఎవరికి ఏమవుతారో రెండు వరుసలు. తెలుగు నవలల్లో సగం గందరగోళం మేనమామలు, తోడల్లుళ్ల దగ్గరే వస్తుంది. తర్వాత ఆ అయిదు వాక్యాలు. కింద ఒకే ఒక పేజీ నంబరు, అది ఎందుకో నాలుగు మాటలు. ఒక్కటే అనడంలో పట్టింపు ఉంది: పది నంబర్లు రాస్తే ఏదీ తిరిగి చూడరు. ఇప్పటికే చదివేసిన 34కీ కార్డులు రాయండి, కానీ పుస్తకం తెరవకుండా. రెండు వాక్యాలు కూడా రానివి రెండు రకాలు. అసలే నచ్చనివైతే పంపించేయండి. నచ్చిందని గుర్తుండి విషయం గుర్తులేనివైతే మళ్లీ చదవాల్సిన అరలో పెట్టండి, వాటిని చదవని లెక్కలో కలపొద్దు.

కథల సంపుటాల సంగతి వేరే. ఇరవై కథలు రెండు రోజుల్లో చదివితే ఒకదాని పాత్రలు ఇంకోదాంట్లోకి జారిపోతాయి, అందుకే అవి అన్నిటికన్నా ముందు మరుపున పడతాయి. రోజుకి ఒకటి, మహా అయితే రెండు. విషయసూచికలో పెన్సిలుతో టిక్కు పెట్టి పక్కన ఒక్క మాట. ఈ లెక్కన ఒక సంపుటం నెల పట్టినా నష్టం లేదు, పక్కన నవల ఎలాగూ నడుస్తుంటుంది. రత్నాచల్‌లో విజయవాడ దాకా దాదాపు ఆరు గంటల ప్రయాణానికి కథల పుస్తకం పట్టుకెళ్లి అంతా ఒక్క ఊపులో లాగించేస్తే చదివిన తృప్తి ఉంటుంది, దిగేసరికి కథలు ఉండవు.

ఆపేసిన 11ని మళ్లీ చూడండి. ఎక్కడ ఆగారో పేజీ నంబరు రాయండి. అందులో కొన్ని ముందుమాటల దగ్గరే ఆగి ఉంటాయి. మన పుస్తకాలకి మూడేసి, నాలుగేసి ముందుమాటలుంటాయి; ఒకరు రచయిత గొప్పతనం, ఇంకొకరు కథ మొత్తం, మూడోవారు తమ గొప్పతనం చెబుతారు. వాటిని దాటేసి మొదటి అధ్యాయానికి వెళ్లండి, పుస్తకం అయ్యాక వెనక్కి వచ్చి చదివితే అవే బాగుంటాయి. మొదటి 50 పేజీల లోపు ఆగినవాటికి ఇంకో అవకాశం ఇవ్వొచ్చు. సగం దాటి ఆగినవాటి విషయంలో మీ తీర్పు దాదాపు సరైందే, వదిలేయండి.

కన్యాశుల్కం దగ్గర మాత్రం ఓపిక పట్టాలి. అది నాటకం; కళ్లతో నవలలా చదివితే ఎవరు మాట్లాడుతున్నారో తెలియక విసుగొస్తుంది. పైకి చదవండి. సంభాషణలన్నీ ఈ వైపు యాస, విజయనగరం బొంకులదిబ్బ దగ్గర మొదలయ్యే కథ, చెవిన పడితే మీకు కొత్తగా ఉండదు. బజార్లో మామూలుగా దొరికేది 1909లో గురజాడ తిరగరాసిన కూర్పు, ఏడంకాలు. 1897లో మొదట అచ్చయింది అయిదంకాలదే, చిన్నది. మీ దగ్గరున్నది ఏదో ముందు చూసుకోండి, ఎందుకంటే ఒకదాని మీద రాసిన వ్యాఖ్యానం ఇంకోదానికి అతకదు. పాత్రల పేర్లు కార్డు మీద రాసి పుస్తకంలో పెట్టుకుని, రోజుకో రంగం చదివితే హాయిగా సాగుతుంది. 1955 సినిమా చూశాం కదా అనుకుని ఊరుకోకండి.

మామగారి బీరువాలో కావ్యాలు, ప్రబంధాలు ఉంటే ఊరికే మొదలుపెట్టొద్దు. తాత్పర్యమో, ప్రతిపదార్థమో ఉన్న ప్రతి అయితే సరే, మూలం ఒక్కటే ఉంటే నిఘంటువు కావాలి. ఆంధ్రభారతి వెబ్‌సైటులో శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు వంటివన్నీ ఒకేచోట వెతుక్కోవచ్చు. కానీ పద్యంలో కనిపించిన మాట కనిపించినట్టే కొడితే చాలాసార్లు దొరకదు. "అపుడు సనియె" అని ఉంటే వెతకాల్సింది సకారంలో కాదు, "చను" దగ్గర. "వారు వోరు" అని ఉంటే "పోవు" దగ్గర. ప్రథమావిభక్తి మీద క, చ, ట, త, పలు గ, స, డ, ద, వలు అవుతాయన్న సూత్రం బళ్లో చదివే ఉంటారు, ఇప్పుడు అక్కరకొస్తుంది. రోజుకి నాలుగైదు పద్యాలకి మించి పెట్టుకోవద్దు. వీటికి పేజీల లక్ష్యం వర్తించదు.

ఆ బీరువాలో పుస్తకాలకి ఇంకో పరీక్ష: ఫారాలు. డెమ్మీ సైజు పుస్తకాలు మామూలుగా 16 పేజీలు ఒక ఫారంగా అచ్చేసి కుడతారు. బైండింగులో ఒక ఫారం జారిపోవడం, ఒకటే రెండుసార్లు పడటం కద్దు. 208వ పేజీ దాకా వచ్చాక తర్వాతది 225 అని తేలితే ఎంత చిరాకో చెప్పక్కర్లేదు. 16, 32, 48 ఇలా ఫారం అయిపోయే చోట్ల పేజీ నంబర్లు ఇప్పుడే తిప్పి చూసుకోండి. లోపం ఉన్నదాన్ని, ఆకులు విరిగిపోతున్నదాన్ని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వెతకండి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు అక్కడ చాలా ఉన్నాయి. పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు ఎక్కించారు కాబట్టి దీర్ఘానికి ఒక "ఏ" పెట్టి ఒకసారి, రెండు పెట్టి ఒకసారి, చివర "ము" చేర్చి ఒకసారి వెతకాలి. టాబ్లెట్‌లో అక్షరం పెద్దది చేసుకోవచ్చు గనుక చిన్న అచ్చు చిక్కు కూడా తీరుతుంది.

బూజు గురించి. గాల్లో తేమ 65 శాతం దాటి రోజుల తరబడి ఉంటే బూజు పడుతుంది. విశాఖలో వానాకాలమే కాదు, ఎండాకాలం మధ్యాహ్నాల్లో కూడా సముద్రపు గాలి తేమ మోసుకొస్తుంది. పుస్తకాలు ఆరబెట్టుకోవడానికి మనకి మంచి రోజులు డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, కాబట్టి ఈ పని ఇప్పుడే చెయ్యండి. ముందు బూజు పట్టినవి మిగతావాటికి దూరంగా వేరే గదిలోకి మార్చండి. వెంటనే తుడవొద్దు. తడి బూజుని గుడ్డతో రుద్దితే కాగితంలోకి ఇంకి శాశ్వతంగా మరక పడుతుంది. పుస్తకాన్ని నిలబెట్టి, ఆకులు విసనకర్రలా కొద్దిగా విడేలా ఉంచి, నీడలో ఫ్యాను కింద రెండు మూడు రోజులు ఆరనివ్వండి. మేడ మీద ఎండలో గంటల తరబడి పెడితే బూజు సంగతి ఎలా ఉన్నా అట్టలు వెలిసి, కాగితం పచ్చబడి పెళుసవుతుంది.

బూజు పొడిపొడిగా అయ్యాక ఎన్95 మాస్కు, చేతి తొడుగులు వేసుకుని, బాల్కనీలో మెత్తటి బ్రష్షుతో మీకు అవతలి వైపుకి దులపండి. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే వాళ్లని దగ్గరికి రానివ్వొద్దు. ఖాళీ అరని 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాలు తడిపిన గుడ్డతో తుడిచి (పాలిష్ పోతుందేమో ఒక మూల చూసుకున్నాక) పూర్తిగా ఆరాకే పుస్తకాలు సర్దాలి. బీరువా గోడకి రెండు మూడంగుళాలు ఎడంగా, అన్నిటికన్నా కింది అర నేలకి ఆరంగుళాలు ఎత్తుగా ఉండాలి. బయటి గోడకి ఆనించిన బీరువాకే ముందు బూజు పడుతుంది. పుస్తకాలు వేలు దూరనంత బిగువుగా సర్దొద్దు. ప్లాస్టిక్ కవర్లు లోపలి తేమని పట్టేస్తాయి, తీసేయండి. నాఫ్తలీన్ ఉండలు పురుగుని తరుముతాయేమో గానీ బూజుని ఆపవు. వేపాకు పెట్టే అలవాటుంటే బాగా ఎండినదే పెట్టాలి. పచ్చాకు పెడితే మీరే తేమ తెచ్చి పెట్టినట్టు.

ఇవ్వాల్సినవి తేలాక, ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం ఉంది. మూటలు కట్టుకుని వెళ్లకుండా ముందు జాబితా రాసి అడగండి. ఏ గ్రంథాలయమైనా తమ దగ్గరున్నవి, చిరిగినవి తీసుకోవడానికి ఇష్టపడదు. మామగారి వాటిలో చాలా పాత ముద్రణలుంటే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వి.ఎస్. కృష్ణా గ్రంథాలయం వాళ్లని ఒకమాట అడిగి చూడండి. బూజు మరకలున్నవి ఎవరికీ ఇవ్వొద్దు, వాళ్ల అరకీ అంటుకుంటుంది. తూకానికి వెయ్యాల్సింది అవీ, కాలం చెల్లిన పోటీ పరీక్షల పుస్తకాలూ మాత్రమే. మీవారి మాట ఆ మేరకి చెల్లుతుంది. సంతకం ఉన్న పుస్తకం అమ్మకానికి పెట్టకుండా చదివే స్నేహితులెవరికైనా ఇవ్వండి. సంతకం పేజీ మాత్రం చింపొద్దు, ఆ చింపు పుస్తకం ఇచ్చేయడం కన్నా మొరటుగా కనిపిస్తుంది.

వచ్చే ఏడాదికి మళ్లీ "ఒక్కటీ కొనను" అని పెట్టుకోవద్దు. పూర్తి నిషేధం పుస్తక ప్రదర్శన గుమ్మం దగ్గర తెగుతుంది, తెగాక ఒకటితో ఆగదు. మీకు ఆరు అయింది అందుకే. మూడు చదవని లెక్కలోంచి తగ్గితే (చదివినా, ఇచ్చేసినా) ఒకటి కొనుక్కోవచ్చు అనే లెక్క నిలబడుతుంది. 143నీ ఎదురుగా పెట్టుకుంటే ఏది తియ్యాలో తోచదు. పన్నెండు మాత్రం మంచం పక్క అరలోకి తెచ్చుకోండి: నాలుగు లావువి, అయిదు మధ్యరకం, మూడు సన్నవి. ఒకటి అయితే ఒకటి తెచ్చి నింపండి. పొద్దున కాఫీ తర్వాత 20 నిమిషాలు బరువైనది, రాత్రి తేలికైనది. రెండిటికి మించి ఒకేసారి నడపొద్దు.

ప్రదర్శనలో కొన్న 6నీ పట్టు తప్పి కొన్నాను కదా అని వెనక వరసలో పెట్టారేమో, ముందుకి తెండి. వాటిని ఎందుకు కొన్నారో ఇప్పుడు ఇంకా గుర్తుంది. ఆ కారణం పాతబడితే మూడేళ్లలో అవీ చీటీ పెట్టాల్సిన పుస్తకాలవుతాయి. ఈ నెలలోనే ఆరిట్లోనూ తలా 20 పేజీలు చదవండి. బాగా లాగినవి రెండు ఆ పన్నెండులో చేర్చండి. ఇకముందు కొన్నవాటికి కూడా, ఇంటికి తెచ్చిన రోజే అట్ట లోపలి వైపు పెన్సిలుతో తేదీ, ఎందుకు కొన్నారో ఒక్క వాక్యం రాసి, ఆ రాత్రే మొదటి 20 పేజీలు చదివేయండి.